రెండు వేళ్ళ ఖాళీ

మా తోటికోడలు పోయిందన్న కబురు వచ్చినప్పుడు నేను కామారెడ్డి స్టేషన్ రోడ్డులోని మా దుకాణంలో కూర్చుని, ఒక పెండ్లి కార్డు మీద పెండ్లికొడుకు పేరు సర్దుతున్నాను. ఎల్లారెడ్డి నుంచి మరిది ఫోన్. "వదినా, పోయింది వదినా" అని పెట్టేశాడు. రెండు నెలలుగా ఆమెకు ఊపిరి సరిగ్గా ఆడడం లేదని అందరికీ తెలుసు. అయినా ఆ పొద్దున పోతుందని ఎవరూ అనుకోలేదు. నా కళ్ళలో నీళ్ళు తిరిగిన మాట నిజమే. కానీ ఆ నీళ్ళకంటే ముందు మనసులో ఇంకో మాట వచ్చింది. దాన్ని దాచిపెట్టి ఈ నాలుగు ముక్కలు రాస్తే ఆమెకు అన్యాయం చేసినదాన్నవుతాను. "ఇక మామ పాటల పుస్తకం నా చేతికే వస్తుంది" అనుకున్నాను.

అంత కుళ్ళు నాకు. చదివేవాళ్ళు తిట్టుకుంటే తిట్టుకోండి.

ముందు మా ఇంటి సంగతి చెప్పాలి. మా మామ పోలీసు బ్యాండులో క్లారినెట్ వాయించి రిటైరైనవాడు. సొంతూరు ఎల్లారెడ్డికి వచ్చి పెండ్లిళ్ళకు బ్యాండు పెట్టాడు. పెద్దకొడుకు, అంటే మా ఆయన, క్లారినెట్. చిన్నకొడుకు, మా మరిది, ట్రంపెట్. మిగతా బ్యాండుల వాళ్ళు చెవితో విని వాయిస్తారు. మామ దగ్గర మాత్రం కాగితం చూసి వాయించాల్సిందే. ఐదు గీతల మీద స్వరాలు రాసిన అట్టముక్కను ప్రతి ఒక్కరూ తమ వాయిద్యానికి క్లిప్పుతో తగిలించుకుని బరాత్ ఊరేగింపులో నడవాలి. భిక్నూర్‌లో పెండ్లి అయినా, రాజంపేటలో అయినా, అట్టముక్క లేనిదే మామ అడుగు వేయనిచ్చేవాడు కాదు. మార్చింగు ట్యూన్లు, అప్పగింతల పాటలు, బతుకమ్మ పాటలు అన్నీ పెన్సిలుతో నోటుబుక్కుల్లో రాసి పెట్టుకున్నాడు. ఆ పెన్సిలు చెరిగిపోతూ వచ్చింది. ఆయన చూపూ తగ్గుతూ వచ్చింది. రెండూ పూర్తిగా పోకముందే పాటలన్నీ శుభ్రంగా అచ్చులో చూసుకోవాలని ఆయన కోరిక.

ఆ కోరిక తీర్చేది నేనేనని నాకు ఏ అనుమానమూ లేదు. ఇంట్లో డిగ్రీ చదివింది నేను. డీటీపీ దుకాణం నడిపేది నేను. తోటికోడలు పెద్దకొడప్‌గల్ నుంచి వచ్చిన పిల్ల. పదో తరగతి తప్పింది. ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుట్టేది. నాకంటే తొమ్మిదేండ్లు చిన్నది. "అక్కా, అక్కా" అంటూ నా వెనకే తిరిగేది. అప్పట్లో ఆమె అంటే నాకు ప్రేమే. మనకంటే కింద ఉన్నవాళ్ళను ప్రేమించడం తేలికే కదా.

మా దుకాణంలో ఒక పాత కంప్యూటరు మూలన పడి ఉండేది. నా కార్డుల సాఫ్ట్‌వేర్ దాని మీద నడవడం మానేసింది. పిల్లలు ఆడుకుంటారులే అని దాన్ని ఎల్లారెడ్డి పంపింది నేనే. ఆ దాతృత్వాన్ని ఆ తర్వాత ఎన్నిసార్లు తిట్టుకున్నానో లెక్క లేదు.

ఒకరోజు మామ నోటుబుక్కులు చూడడానికి హైదరాబాద్ నుంచి ఒక సంగీతం మాస్టారు వచ్చాడు. ఆ పాత డబ్బాను చూసి, దాని మీద నడిచే ఉచిత సాఫ్ట్‌వేర్ ఒకటి పెన్ డ్రైవ్‌లోంచి ఎక్కించి పోయాడు. అందులో బొమ్మలు గీయడం ఉండదు. ఏ స్వరం, ఎంత పొడుగు, ఎక్కడ ఆగాలి అని అక్షరాల్లో టైపు చేసుకుంటూ పోవాలి. దాన్ని నడిపిస్తే అదే ఐదు గీతలు గీసి స్వరాలు పేర్చిపెడుతుంది. ఆ మాస్టారు చెప్పిందంతా విన్నది ఎవరనుకున్నారు? మరిది కాదు, మామ కాదు. పక్కన కూర్చుని బీడీలకు తునికాకు కత్తిరిస్తున్న మా తోటికోడలు.

నాలుగు నెలల తర్వాత ఎల్లారెడ్డి పోయినప్పుడు మామ నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నాడు. అప్పటికి నేనూ పది పాటలు చేసి మామ ఫోన్‌కు పంపి ఉన్నాను. నా కార్డుల సాఫ్ట్‌వేర్‌లో ఒక్కొక్క స్వరం చేత్తో పెట్టి, పేజీని ఫొటోలాగా మార్చి, ఆ ఫొటోతో పీడీఎఫ్ చేశాను. పైన పాట పేరు అందమైన తెలుగు అక్షరాల్లో, చుట్టూ సన్నని అంచు. మామ నా పేజీ తెరిచి, రెండు వేళ్ళతో తెర మీద సాగదీశాడు. చూపు తగ్గినప్పటి నుంచి ఆయన ఏది చూసినా అలాగే చూసేవాడు. నా స్వరాలు ఉబ్బి, అంచులు చెదిరి, నీళ్ళలో పడ్డ సిరాలా అయ్యాయి. తర్వాత తోటికోడలు ఆ పాత డబ్బా మీద చేసిన పేజీ తెరిచి సాగదీశాడు. ఎంత సాగదీసినా గీత గీతలాగే ఉంది, స్వరపు గింజ గింజలాగే ఉంది.

"చిన్నకోడలిది పెద్దగ చేస్తే పెద్దగైతది. పెద్దకోడలా, నీది పెద్దగ చేస్తే మసకైతది" అన్నాడు.

ఆయన కావాలని అన్న మాట కాదు. కంటికి కనిపించింది చెప్పాడు. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. చాయ్ తెచ్చిన తోటికోడలు నా మొహం చూసి, "ముందుగాల నాదీ గట్లనే వచ్చిందక్కా" అంది. "స్వరాలు చుక్కలు చుక్కలుగ వస్తుండె. పీడీఎఫ్ చేసేటప్పుడు ఒక్క మాట మారిస్తే గీతలతోని వస్తయి. చూపియ్యన్నా?"

"నాకు తెల్వదా?" అన్నాను. తెలియదు. అడిగి ఉంటే ఐదు నిమిషాల్లో అయిపోయేది. చాయ్ చల్లారబెట్టుకుని తాగి, బస్సెక్కి, తాడ్వాయి దాటేదాకా కిటికీలోంచి ఏమి చూశానో కూడా నాకు గుర్తు లేదు.

అక్కడి నుంచి మొదలు. ఆమె ఏ పని చేసినా నా కడుపులో మంటే. బీడీలు చుట్టే చెయ్యి కాబట్టి స్వరాల నడుమ ఎడం ఎక్కడ ఎక్కువైందో, ఎక్కడ ఇరుకైందో ఆమెకు ఇట్టే తెలిసిపోయేది. అచ్చు తీసిన కాగితాన్ని తలకిందులు చేసి చూసేది. "సీదా పట్టుకుంటే పాట కనవడ్తదక్కా. ఉల్టా పట్టుకుంటేనే ఎడం కనవడ్తది" అనేది. అది విని నేను నవ్వాను. కామారెడ్డి వచ్చాక దుకాణంలో ఎవరూ లేనప్పుడు పెండ్లి కార్డులు తలకిందులు చేసి చూసుకున్నాను. నిజమే. కనపడింది. ఇప్పటికీ అలాగే చూస్తాను. ఎవరు నేర్పారంటే మాత్రం నా అనుభవమని చెప్పేదాన్ని.

స్కేలు ఆమెకు నచ్చేది కాదు. అన్నీ వేళ్ళతో కొలిచేది. "అంచు ఇంత, వరుసల నడుమ ఇంత" అని తెర మీద వేళ్ళు ఆనించేది. ఆ వేళ్ళ కొసలు తంబాకు రంగు పట్టి ఉండేవి. కీబోర్డు మీద ఆమె ఎక్కువగా నొక్కే అక్షరాలు కూడా అదే రంగుకు వచ్చాయి. "కీబోర్డుకు బీడీ అలవాటు చేసినవా ఏందే?" అని ఎగతాళి చేస్తే పకపకా నవ్వేది. నా ఎగతాళిలో ఎంత విషం ఉందో ఆమెకు తెలియదనుకున్నాను.

అయితే ఆమెకు ఒక్కటి చేతకాలేదు, దాన్ని పట్టుకునే నేను బతికాను. ఆ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు వచ్చేది కాదు. పాట పేరు పెడితే వత్తులు ఊడి పక్కన పడేవి, గుడులు గాలిలో తేలేవి. ఆమె ఒకసారి కామారెడ్డి వచ్చి దుకాణంలో నా పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది.

"అక్కా, పాట పేరు తెలుగుల మంచిగ వస్తలేదు. నీ కార్డుల మీద ఎంత ముద్దుగొస్తది! జర చెప్పవా, ఎట్ల పెట్టాలె?"

చెప్పడానికి ఏమీ లేదు నిజానికి. పేరును విడిగా ఒక ఖాళీ పేజీలో పెట్టుకుని, ఆ పేజీని ఆమె పేజీ మీద పరిస్తే చాలు. దానికీ ఉచితంగా దొరికే పనిముట్టు ఉంది. రెండు నిమిషాల పని. నేను మానిటరు వైపే చూస్తూ, "అది చెప్తే వచ్చేది కాదు పిల్లా, ఏండ్ల మీద వస్తది" అన్నాను.

"గట్లనా" అంది. కాసేపు నా కార్డులు తిరగేసింది. ఒక నమూనా కార్డు అడిగి తీసుకుని సంచిలో పెట్టుకుంది. బస్సు టైమైందని లేచి వెళ్ళింది. మళ్ళీ ఎప్పుడూ అడగలేదు.

ఆ తర్వాత ఆమె చేసిన పేజీలన్నీ పైన ఖాళీగానే వచ్చాయి. కింద స్వరాలు ముత్యాల్లా ఉండేవి, పైన తెల్లగా రెండు వేళ్ళ వెడల్పు. వాయించేవాళ్ళు పెన్నుతో పేరు రాసుకునేవాళ్ళు. ఒక దసరాకు ఇంటినిండా చుట్టాలు ఉండగా నేను ఆ అట్టముక్క ఎత్తి చూపించి, "మా చెల్లె పిల్లలందరికీ పురుడు పోసింది గని, ఒక్కనికీ పేరు పెట్టలే" అన్నాను. అందరూ నవ్వారు. ఆమె కూడా నవ్వింది. అప్పుడామె గారెలు వేస్తోంది, నూనెలోంచి చూపు తిప్పలేదు.

ఇంకో ఘనకార్యం కూడా చెప్పాలి. ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌ను నేను దొంగచాటుగా మా దుకాణంలో ఎక్కించుకున్నాను. నాలుగు వరుసలు టైపు చేసి నడిపాను. స్వరాలన్నీ ఎడమ పక్కకు తోసుకుని, తొక్కిసలాటలో జనంలా కుప్పగా పడ్డాయి. నాకెంత సంతోషమైందో! "ఇంతేనా దీని బతుకు? ఆమెకు ఎవరో చేసి పెడుతున్నారు" అని మా ఆయనతో అన్నాను. ఊరుకోక ఎల్లారెడ్డిలో ఆమెతోనే అన్నాను. "ఆ సాఫ్ట్‌వేర్ నేనూ చూసిన. గలీజుగ వస్తది."

ఆమె చుట్టుతున్న బీడీ ఆపింది. "ఒక్కసారే నడిపినవా అక్కా? మూడుసార్లు నడుపాలె. ఫస్టు సారి ఉట్టిగ పేర్చుకుంటది. రెండోసారి కొలతలు రాసుకుంటది. మూడోసారి ఆ కొలతతోని సర్దుకుంటది" అంది. గొంతు తగ్గించి, మా ఆయన వినకుండా చెప్పింది. నా పరువు పోకూడదని. ఆ జాగ్రత్త చూసి నాకు ఇంకా మండింది.

ఆమె పోయిన రోజు మధ్యాహ్నమే శ్మశానానికి తీసుకెళ్ళారు. మా బ్యాండువాళ్ళంతా వచ్చారు. మా ఆయనా మరిదీ వాయించలేకపోయారు, మిగతావాళ్ళు వాయించారు. వాయిద్యాలకు ఆమె చేసిన అట్టముక్కలే. అలవాటు కొద్దీ నా చూపు వాటి మీదికే పోయింది. అప్పుడు కూడా, చూడండి, అంచులు ఎంత సరిగ్గా ఉన్నాయో అనే చూశాను. పైన ఖాళీ చూసి లోపల ఎక్కడో ఇంకా కొంచెం తృప్తి పడ్డాను. మనిషిని మోసుకుపోతుంటే నేను మార్జిన్లు చూస్తున్నాను.

పదకొండో రోజు అయ్యాక మరిది ఆ పాత కంప్యూటరును దుప్పటిలో చుట్టి తెచ్చి నా ముందు పెట్టాడు. "ఇంక పదకొండు పాటలు మిగిలినయి వదినా. బాపు నిన్నే చెయ్యమంటుండు" అన్నాడు. మామ మంచం మీద నావైపు తిరిగి కూర్చున్నాడు, అంతే. ఇన్నేళ్ళుగా నేను కోరుకున్నది అదే కదా. ఒళ్ళో ఆ డబ్బా పెట్టుకుని కామారెడ్డి బస్సెక్కాను. గెలిచినదానిలా ఉండాల్సింది. దుప్పటి నిండా తంబాకు వాసన.

దుకాణంలో పెట్టి తెరిచాను. ఆమె ఫైళ్ళు వరుసగా ఉన్నాయి. మొదటిది తెరిస్తే స్వరాల అక్షరాలకంటే ముందు ఒక వరుస ఉంది. దాని మొదట్లో శాతం గుర్తు. ఆ గుర్తు పెట్టిన వరుసను సాఫ్ట్‌వేర్ పట్టించుకోదు, అది అచ్చులోకి రాదు, రాసుకున్నవాళ్ళ గుర్తుకోసం మాత్రమే. అందులో తెలుగు పడదు కనుక ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాటలు టైపు చేసుకుంది. కూడబలుక్కుని చదివాను.

"పైన రెండు వేళ్ళు ఇడువాలె. పేరు అక్క పెడ్తది."

రెండో ఫైలు తెరిచాను. అదే వరుస. మూడోది, పదోది, ముప్పయ్యోది. కొన్నింట్లో ఇంకో వరుస కూడా ఉంది. ఒకచోట, "అంచు అక్క కార్డు తీరుగ." అప్పుడు అర్థమైంది, ఆ రోజు నమూనా కార్డు ఎందుకు అడిగిందో. ఊరంతా మెచ్చుకున్న ఆ అంచులు, నన్ను అన్నాళ్ళు కాల్చిన ఆ అంచులు, నా పెండ్లి కార్డువే. "సగం నాదే!" అని నిజంగా పైకే అన్నాను. మనిషి పోయి పన్నెండు రోజులు కాలేదు, నాకు వచ్చిన మొదటి మాట అది.

ఇంకోచోట, "అక్క అచ్చు చూస్తే కడుపు మండుతది. గంత ముద్దుగ ఎట్ల వస్తదో." ఆమెకూ మండిందన్నమాట. ఇన్నాళ్ళు ఒక్కదాన్నే మండుతున్నాననుకున్నాను. మండుతూనే ఆమె నాకు చోటు విడిచిపెట్టింది. నేను మండుతూ రెండు నిమిషాల పని దాచిపెట్టాను. మా ఇద్దరికీ తేడా అదే. అందులో కూడా ఆమెదే పైచేయి, చూడండి.

దసరా నాడు నేను అట్టముక్క ఎత్తి చూపి అందరినీ నవ్వించిన పాట ఫైలు వెతికి తెరిచాను. అందులోనూ అదే వరుస, ఒక మాట ఎక్కువ. "పేరు అక్క పెడ్తది. పెట్టకపోతే మానె. జాగ ఉండాలె."

పదకొండు పాటలూ చేశాను. మూడుసార్లు నడిపాను. పీడీఎఫ్ చేసేటప్పుడు ఆమె మార్చిన ఆ ఒక్క మాట ఫైళ్ళలోనే ఉంది, ఎవరినీ అడగనక్కరలేకపోయింది. ఆమె పాటలకూ, నా పాటలకూ పేర్లు పెట్టాను. విడి పేజీలో పేరు పెట్టుకుని దాన్ని స్వరాల పేజీ మీద పరిచి, ప్రతి దానికీ ఆ రెండు నిమిషాలూ గడియారం చూసుకుంటూ చేశాను. నా అక్షరాలు ఆమె వదిలిన చోటులో పైనా కిందా సమంగా కూర్చున్నాయి. ఒక్కటి కూడా కదపాల్సిన అవసరం రాలేదు. కొలిచి విడిచింది మరి.

ఆ పదకొండింట్లో ఒక్కదానికే పేరు పెట్టడం మిగిలింది. ఆమె చివరగా టైపు చేస్తూ సగంలో ఆపింది. మిగతా సగం నేను పూర్తి చేశాను. నోటుబుక్కులో దానికి పేరు లేదు. పేరు పెడదామని కూర్చున్నాను. అప్పగింతల ట్యూన్ అని పెట్టొచ్చు, ఏదైనా పెట్టొచ్చు. తెర మీద ఆ ఖాళీలో నా రెండు వేళ్ళు ఆనించి చూశాను. పట్టలేదు. నా వేళ్ళు లావు. ఆ ఖాళీ ఆమె వేళ్ళంత.

ఎల్లారెడ్డి వెళ్ళి మామ చేతిలో ఫోన్ పెట్టాను. ఆయన ఒక్కొక్క పేజీ తెరిచి, రెండు వేళ్ళతో సాగదీసి, పేరు చదువుకుని, స్వరాలు చూసుకుని, తల ఊపి ముందుకు పోయాడు. ఆ తల ఊపడం కోసం నేను ఇన్నేళ్ళు కొట్టుకున్నాను. వచ్చింది. పక్కన చాయ్ గ్లాసు పట్టుకుని ఎవరూ లేరు.

చివరి పేజీ దగ్గర ఆగాడు.

"దీని పేరేది బిడ్డా?"

"అది గట్లనే ఉండనీ మామా. అది చెల్లె జాగ."

ఆయన ఫోన్‌ను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని, పేరు ఉండాల్సిన చోట రెండు వేళ్ళు ఆనించి మెల్లగా సాగదీశాడు. తెల్లటి ఖాళీ పెరిగి పెరిగి తెర నిండింది. ఎంత పెద్దగా చేసినా ఎక్కడా మసక లేదు.